మగ్గం ఎవరి పేరున

అశోక్ చౌక్‌లో కాగితాలు ప్రింటు తీయించుకుని ఋతుజ సోలాపూర్ దాజీ పేట్‌లోని ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మార్చి నెలాఖరు ఎండకు చేతిలోని కాగితాలు కూడా వేడెక్కాయి. మొత్తం పద్నాలుగు పేజీలు. అమెరికా నుంచి భర్త వెస్లీ పంపిన ఇన్‌కం టాక్సు కాగితాలవి. ఇద్దరి పేరునా కలిపి దాఖలు చేసేవి కాబట్టి ఆమె కూడా సంతకం పెట్టాలి. వీసా ఇంకా రాలేదు, ఆ దేశపు టాక్సు నంబరు ఏదీ ఆమెకు లేదు. అందుకని ఒక నంబరు కోసం అడిగే అర్జీ కూడా వాటితోనే జతచేసి ఉంది. గురువారం పూనా వెళ్లి, అక్కడ ఆ టాక్సు శాఖ గుర్తింపున్న ఏజెంటుకు అసలు పాస్‌పోర్టు చూపించి, ఆయన ముద్ర వేసిచ్చాక అన్నీ కలిపి వెస్లీకి పంపాలి. అతను తన సంతకం పెట్టి ఏప్రిల్ పదిహేనులోగా పోస్టు చేస్తాడు.

ఋతుజకు ఏ కాగితమైనా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే అలవాటు. చదివింది పదో తరగతి వరకే, అదీ మరాఠీ బళ్లో. ఇంగ్లీషు తర్వాత ఫోనులో నేర్చుకున్నదే. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆగి, ఫోనులో అర్థం వెతుక్కుని, మళ్లీ ఆ వాక్యం మొదటికి వెళ్లి చదివేది. అలా రెండో పేజీ అడుగుకు చేరేసరికి గంట పట్టింది.

అక్కడ ఆమె పేరు పక్కన చిన్న గడి ఒకటి ఉంది. భార్య వృత్తి అని దాని పైన. గడిలో ‘గృహిణి’ అని ఇంగ్లీషులో కొట్టి ఉంది. ఆదాయాల వరసలో వెస్లీ మిల్లు జీతం ఒక్కటే కనిపిస్తోంది. ఆమె తరఫున ఏమీ లేదు. సంతకం చేయాల్సిన గీత పైన ఒక పొడుగాటి వాక్యం. దాన్ని ఆమె మూడుసార్లు చదివింది. ఇందులో రాసినదంతా నాకు తెలిసినంత వరకు నిజం, అబద్ధమైతే శిక్షకు లోబడతాను అని దాని సారాంశం.

ఆమె కూర్చున్నది మగ్గం గుంట అంచున. ఎదురుగా పడుగు మీద ఏడు గుర్రాల్లో నాలుగు పరుగెత్తుతున్నాయి. మిగతా మూడూ ఇంకా పుట్టలేదు. గోడకు వేలాడదీసే బొమ్మల నేత అది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చిన్న కండె. గుర్రపు కాళ్ల కింద లేచే దుమ్ముకే తొమ్మిది రకాల మట్టి రంగులు. పొద్దున ఆరింటికి గుంటలోకి కాళ్లు పెట్టి రెండు వేళ్ల మందం దుమ్ము నేసి, ఆ తర్వాతే అశోక్ చౌక్‌కు వెళ్లింది.

గుంటలోకి మళ్లీ దిగకుండా వెస్లీకి ఫోను చేసింది. అక్కడ ఇంకా తెల్లవారలేదని గుర్తొచ్చింది గానీ, మిల్లులో మొదటి షిఫ్టు అతనిది, ఆ వేళకు లేచే ఉంటాడు.

వెస్లీ మర మగ్గాల మెకానిక్కు. రెండేళ్ల కింద సోలాపూర్ బయట ఒక టవల్ మిల్లులో కొత్త మెషీన్లు బిగించడానికి వచ్చి అయిదు నెలలు ఉన్నాడు. ఆదివారాలు చేతిమగ్గాలు చూద్దామని పేటలో సందు సందూ తిరిగేవాడు. వాళ్ల నాయనమ్మ కూడా మిల్లులో దారం పని చేసిన మనిషేనట. ఋతుజ నేస్తుంటే పడుగుకు అవతలి వైపు నిలబడి రెండు గంటలు కదలకుండా చూసిన మొదటి మనిషి అతనే. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి, మార్కండేయ గుడిలో దండలు. ఆ తర్వాత వీసా అర్జీ వేసి ఏడాది దాటింది, ఇంకో నాలుగు నెలలు పట్టవచ్చంటున్నారు. పేటవాళ్లు తమ అల్లుణ్ణి మరాఠీలో ‘వెస్లీ జావయి’ అంటారు.

“ఏంది పరేశాని?” అన్నాడు వెస్లీ ఫోను ఎత్తగానే. తెలుగులో అతనికి తడుముకోకుండా వచ్చే నాలుగైదు మాటల్లో అదొకటి. తక్కిన సంగతులు ఇంగ్లీషులో, మధ్య మధ్య హిందీలో సాగాయి.

“వృత్తి దగ్గర గృహిణి అని ఎవరు రాసిన్రు?” అని అడిగింది ఋతుజ.

తన టాక్సు పని చూసే ఆవిడ రాసిందని చెప్పాడు. నీ భార్యకు ఏమైనా సంపాదన ఉందా అని ఆవిడ అడిగిందట. ఇద్దరిదీ కలిపి దాఖలు చేస్తే భార్య ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా రాయాల్సిందేనని కూడా చెప్పిందట. “నువ్వు వీసా అర్జీలో ఉద్యోగం దగ్గర ‘లేదు’ అని రాశావు కదా. ఆ కాగితం, ఈ కాగితం ఒకేలా ఉండాలని నేనూ లేదనే చెప్పాను.”

ఋతుజ వేలు ఆ గడి మీదే ఉంది.

“నువ్వు నేస్తావని నాకు తెలుసు,” అన్నాడు వెస్లీ. “నా కళ్లతో చూశాను. నిజం రాద్దామంటే రాద్దాం. కానీ రాయాలంటే ఏదో ఒక రుజువు కావాలి. జీతం ఇచ్చేవాళ్ల ఉత్తరమైనా చాలు. అది కుదరకపోతే నేను విడిగా నా ఒక్కడి పేరునే దాఖలు చేస్తాను. పన్ను ఎక్కువ పడుతుంది, పడనీ. అప్పుడు నీ గురించి ఏ గడీ నింపక్కర్లేదు. ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

“రెండు రోజులు ఆగు,” అంది ఋతుజ.

రుజువు ఎక్కడి నుంచి తెస్తుంది? ఈ పేటలో మగ్గం ఆడపిల్ల పేరున రాయరు. పెళ్లై పోయే పిల్ల, ఆమె పేరున లెక్క ఎందుకని. ఇంట్లో ఎంతమంది చేయి వేసినా, నూలిచ్చి కూలికి నేయించుకునే మాలక్ దగ్గరి పుస్తకంలో మగ్గానికి ఒకటే పేరు, ఇంటి మగవాడి పేరు. వీళ్ల మగ్గం పెంటప్ప పేరున ఉంది. పెంటప్ప ఋతుజ తండ్రి. బొమ్మల నేతలో పేటంతటికీ పెద్ద పేరు. ‘పెంటప్ప చేయి’ కావాలని కొనేవాళ్లు అడిగి మరీ తీసుకునేవారు.

ఆ చేయి పని మానేసి ఆరేళ్లయింది. కుడి భుజం బిగుసుకుపోయింది. ఛాతీ పైకి చేయి లేవదు. డాక్టరు ఇక నేయవద్దన్న రోజున పెంటప్ప ఇంటికి వచ్చి, అప్పటికి పద్దెనిమిదేళ్లున్న కూతుర్ని మగ్గం మీద కూర్చోబెట్టాడు. బయట ఎవరితో అనవద్దన్నాడు. పెంటప్ప నేయడం లేదని తెలిస్తే మాలక్ బొమ్మల పని ఇంకొకరికిచ్చి తమకు సాదా తువ్వాళ్లు పడేస్తాడని భయం. అప్పటి నుంచి నేసింది ఋతుజ, పేరు పెంటప్పది. నేసిన బట్ట భుజాన వేసుకుని మాలక్ దగ్గరికి వెళ్లేది పెంటప్ప. ఎడమ భుజాన.

వీసా అర్జీలో ఉద్యోగం గడి వచ్చినప్పుడు తండ్రి ముఖం చూసి ఆమె ‘లేదు’ అని రాసింది. అప్పుడు అంత బాధ అనిపించలేదు. ఈసారి మాత్రం ఆ గడి కిందే తన సంతకం పెట్టాలి.

తల్లి గంగుబాయి గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఋతుజ సంగతంతా చెప్పింది.

“పోనీయవే తల్లీ,” అంది గంగుబాయి, ఆకు కత్తిరిస్తూనే. “మీ నాయిన సంగతి నీకు ఎరికలేదా? పేరు పోతే ఆ మనిషి అన్నం తింటడా?”

“నేను పేరు తియ్యమంటలేనమ్మా. నేను నేస్తలేనని నా చేతితోటి ఎట్ల సంతకం పెట్టాలె?”

“అల్లుడు వేరే తొవ్వ చెప్పిండు గదా.”

“ఆ తొవ్వల గడి ఖాళీ ఉంటది. అబద్ధం ఉండది గని, నేనూ ఉండ.”

గంగుబాయి చేయి ఆగింది. బిడ్డ అంత మాట గట్టిగా అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. నీళ్లు వచ్చే రోజున కుళాయి దగ్గర ఎవరైనా ముందు బిందె పెట్టినా నోరెత్తని పిల్ల అది.

లోపల చాప మీద పడుకున్న పెంటప్ప అదంతా విన్నాడు. లేచి వచ్చాడు.

“కాయితం మీద ఏం రాస్తే ఏందే?” అన్నాడు. “ఇయ్యాల గాకపోతే నాలుగు నెలలకు పోయేదానివి. ఆ దేశపోడు నీ మగ్గం చూస్తడా, నీ గుంట చూస్తడా? దస్తఖత్ పెట్టి పంపు.”

“సరే నాయినా,” అంది ఋతుజ. గుంటలోకి దిగి కండె అందుకుంది.

ఆ ‘సరే’ గంగుబాయికి మింగుడు పడలేదు.

“నీకొక్క మాట చెప్తా,” అంది మొగుడితో. చాట పక్కన పెట్టి గూట్లోంచి అట్ట నలిగిన పుస్తకం తీసింది. బీడీ కంపెనీ ఇచ్చిన కార్డు. “గిది చూడు. నాకు సదువు రాదు. బొటనవేలు అద్ది అంగుఠా పెట్టేదాన్ని. అయినా కంపెనోడు ముప్పై ఏండ్ల సంది గంగుబాయి, గంగుబాయి అని నన్ను పేరు పెట్టి పిలుస్తడు. ఆకు చుట్టే నాకు కార్డున్నది. గుర్రాలు నేసే నా బిడ్డకు ఏమున్నది? చెప్పు.”

“నువ్వు మధ్యల రాకు.”

“వస్త. నేను గాకుంటే ఎవరొస్తరు? ఆ తెల్ల పిలగాడు మొదటి దినమే చూసిండు ఎవరు నేస్తున్నరో. నీకు ఆరేండ్లాయె, కండ్లు కనవడతలేవా?”

పెంటప్ప చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఋతుజ నీళ్లు పట్టడానికి వెళ్లింది. ఇంట్లో గంగుబాయి ఒక్కతే ఉంది. అతను మగ్గం దగ్గరికి వెళ్లి, గుంటలోకి మెల్లగా కాళ్లు పెట్టి కూర్చున్నాడు. ఎడమ చేత్తో కండె తీసి కుడి చేతికి ఇచ్చుకున్నాడు. చేయి పడుగు దాకా వెళ్లింది గానీ, అక్కడి నుంచి లేవలేదు. పళ్లు బిగించి రెండోసారి ప్రయత్నించాడు. తర్వాత కండె ఎక్కడిది అక్కడే పెట్టేశాడు.

ఆ తర్వాత ముందుకు వంగి, నేసిన బట్టను కింది నుంచి పైకి మడిచి, వెనక వైపు చూశాడు. గంగుబాయి గడపలోంచే గమనిస్తోంది. నేతగాడు నేతగాణ్ణి చూసేది వెనక నుంచే. రంగు మారిన ప్రతి చోటా దారపు కొస మిగులుతుంది. పెంటప్ప తన కాలంలో ఆ కొసలను కత్తిరించి వదిలేసేవాడు. అందరూ అంతే. ఈ బట్ట వెనక ఒక్క కొస కూడా లేదు. ప్రతి కొసనూ పక్క వరసలోకి తిప్పి దాచింది. వెనక నుంచి చూసినా నాలుగు గుర్రాలు నాలుగు గుర్రాలే, కాకపోతే ఎదురు దిక్కుకు పరుగెత్తుతున్నాయి.

“ఇట్ల నేను నేర్పలే,” అన్నాడు పెంటప్ప, తనలో తాను అనుకుంటున్నట్టు. “ఇది నేను నేర్పింది గాదు.”

మర్నాడు పొద్దున్నే తెల్ల టోపీ పెట్టుకుని, పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీసి వేసుకున్నాడు. అప్పటికే మగ్గం మీద ఉన్న కూతురితో, “లెవ్వు. నడువు,” అన్నాడు.

“ఎటు నాయినా?”

“శేట్ కాడికి.”

మాలక్ శ్రీకాంత్ శేట్ ఇల్లు రెండు సందుల అవతల. కింద గోదాము, పైన సంసారం. గోదాములో నేల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద అతని తల్లి చంద్రభాగ కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. మగ్గాల నుంచి వచ్చిన ప్రతి బట్టనూ తడిమి, తిప్పి చూసి, మడత పెట్టేది ఇప్పటికీ ఆమే.

“యా, పెంటన్న యా,” అని మరాఠీలో రమ్మన్నాడు శ్రీకాంత్ శేట్. “గుర్రాలు అయినయా? హోటలోడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండు.”

“నాలుగైనయి,” అన్నాడు పెంటప్ప. కూర్చోలేదు. “శేట్, నీతోటి ఒక మాట చెప్పాలె. నేను నేసుడు బంద్ చేసి ఆరేండ్లాయె.”

శేట్ నవ్వాడు. “పొద్దుగాల్నే మజాక్ ఏంది?”

“మజాక్ గాదు. భుజం పోయింది. చూడు.” పెంటప్ప కుడి చేయి లేపి చూపించాడు. అది ఛాతీ ఎత్తు దాకా వచ్చి ఆగింది. ఋతుజ ముఖం తిప్పుకుంది. తండ్రి ఆ చేతిని ఇంట్లో కూడా ఎవరికీ అలా చూపించలేదు. “ఆరేండ్ల సంది నీకొచ్చిన మాలు అంత నా బిడ్డ ఋతుజ నేసింది. నెమళ్లు ఆమెవే, కోట ఆమెదే, ఈ గుర్రాలు ఆమెవే. నేను మోసుకొచ్చిన, అంతే.”

శ్రీకాంత్ శేట్ ముఖంలో నవ్వు పోయింది. “మరి నన్ను ఆరేండ్లు మోసం చేసి ఫసాయించినట్టే గదా పెంటన్న? పెంటప్ప చేయి, పెంటప్ప చేయి అని నేను మందికి చెప్పుకుంటి.”

“ఫసాయించిన,” అన్నాడు పెంటప్ప. “తప్పు నాది. పిల్లది గాదు.”

అంతసేపూ మడత పెడుతున్న చంద్రభాగ తలెత్తింది. “ఎవరిని ఫసాయించినవ్రా పెంటయ్యా? నాకు మొదటి నెలనే ఎరిక.”

కొడుకు తల్లి వైపు తిరిగాడు. “ఏమెరిక ఆయీ?”

“నీకు ముందటి దిక్కే కనవడతది, నువ్వు అమ్మేటోనివి. నేను తిప్పి చూస్త. పెంటయ్య మాలుకు వెనక గడ్డం ఉంటుండె, దారాలు దారాలు. ఒకనాడు ఆ గడ్డం గీకినట్టు పోయింది. ఈ వయసుల పెంటయ్యకు కొత్త అకల్, కొత్త తెలివి ఎక్కడికెల్లి వస్తదని, అప్పుడే అనుకున్న, ఆ పిల్ల మగ్గం మీద కూసుందని.”

“మరి నాతోటి ఎందుకు చెప్పలే?”

“మాలు ఖరాబైతే చెప్తుంటి. మంచిగైంది. ఎందుకు చెప్పాలె?” అంటూ ఆమె ఋతుజను దగ్గరికి రమ్మని చేయి ఊపింది. వచ్చాక, ఆ పిల్ల వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటీ నొక్కి చూసింది, బట్ట తడిమినట్టే. “కొసలు దాచుడు ఎవరు చెప్పిన్రే నీకు?”

“ఎవ్వరు చెప్పలేదవ్వా,” అంది ఋతుజ. “వెనక దిక్కు సాఫ్ లేకుంటే నాకే మంచిగ అనిపియ్యకపోయేది.”

పెంటప్ప గొంతు సర్దుకుని టాక్సు సంగతి, కాగితం సంగతి చెప్పాడు. సగం తికమకగా చెప్పాడు. మిగతా సగం ఋతుజ చెప్పింది. ఇచ్చిన కూలి పెంటప్పది కాదు, ఋతుజ నేతకు ఇచ్చినదని శేట్ ఒక ఉత్తరం రాయాలి, ఏడాదికి మొత్తం ఎంతో అందులో ఉండాలి.

“అంటే నా పుస్తకం అబద్ధమని నేనే రాయాల్నా?” అన్నాడు శేట్.

“పైసలు అబద్ధం గాదు. పేరొక్కటే తప్పు,” అన్నాడు పెంటప్ప. “ఉత్తరం ఒక్కదానితోటి కాదు శేట్. పుస్తకంల గూడ మార్చు. ఇయ్యాల్టి నుంచి మగ్గం ఆమె పేరున రాయి.”

“ఆడపిల్ల పేరున మగ్గమా? అందులో నాలుగు నెలలకు ఇమానం ఎక్కే పిల్ల.”

“నాలుగు నెలలైనా రాయి. నాలుగు దినాలైనా రాయి.”

“ఆమె పోయినంక నా బొమ్మలు ఎవరు నేస్తరు మరి?”

“అది నీ పరేశాని,” అన్నాడు పెంటప్ప.

చంద్రభాగ పకపకా నవ్వింది. నోట్లో ఉన్న రెండు పళ్లూ కనిపించాయి. “రాయరా,” అంది కొడుకుతో. “పెన్ను లేదా నీ దగ్గర?”

శ్రీకాంత్ శేట్ గొణుక్కుంటూనే పుస్తకం తీశాడు. దాజీ పేట్‌లో అతనికి ముప్పై ఒక్క మగ్గాలున్నాయి. ముప్పై మగవాళ్ల పేర్ల మధ్య పెంటప్ప పేరు కొట్టేసి పక్కన కొత్త పేరు రాస్తుంటే, పెంటప్ప వంగి చూశాడు. తన పేరు మీద గీత పడ్డప్పుడు రెప్ప వేయలేదు. “పూర పేరు రాయి,” అన్నాడంతే.

ఆ సాయంత్రం శేట్ రాసిచ్చిన ఉత్తరం ఫొటో అందగానే వెస్లీ ఫోను చేశాడు. టాక్సు ఆవిడతో మాట్లాడి కాగితాలన్నీ మళ్లీ కొట్టిస్తానన్నాడు. వీసా అర్జీలో రాసిన ‘లేదు’ అన్న మాటను సరిదిద్దుతూ వేరే ఉత్తరం కూడా పంపుదామన్నాడు. దానివల్ల ఇంకాస్త ఆలస్యమైతే అవనీ అన్నాడు. “మీ నాన్నకు ఒకటి చెప్పు,” అన్నాడు చివర. చెప్పడానికి తెలుగు మాట దొరకక కాసేపు తడుముకుని, “మంచిగ,” అన్నాడు.

మళ్లీ కొట్టించి పంపిన కాగితాలు తీసుకుని గురువారం పొద్దుటి రైలుకు తండ్రీ కూతుళ్లు పూనా వెళ్లారు. పెంటప్ప టోపీ పెట్టుకునే వచ్చాడు. ఏజెంటు ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. ఏసీ చల్లదనానికి పెంటప్ప భుజం సలుపుతోంది గానీ బయటపడలేదు. ఏజెంటు నడివయసు మరాఠీ మనిషి. పాస్‌పోర్టులోని ఫొటోనూ ఋతుజనూ మార్చి మార్చి చూశాడు, ప్రతి పేజీ తిప్పాడు, ముద్ర వేశాడు. తర్వాత టాక్సు కాగితం రెండో పేజీ దగ్గర ఆగాడు.

“హ్యాండ్‌లూమ్ వీవర్?” అన్నాడు. “మీరా?”

ఋతుజ అవునని తల ఊపింది. ఆ ఒక్క ఊపు పెంటప్పకు సరిపోలేదు. ఫోను తీసి, ఎడమ చేత్తో పట్టుకుని, ఫొటోలు చూపిస్తూ మరాఠీలో మొదలుపెట్టాడు. ఇదిగో సాహెబ్, ఇది నెమళ్ల జత. ఈ రెక్కకు ఇరవై రెండు రంగులు. ఇది కోట, సర్కారు దఫ్తరులో ఉన్నది. ఆరేళ్లు నా పేరున నేసింది. నా పేరున ఉన్నాయి గానీ నావి కావు. మళ్లీ చూడండి, వెనక వైపు ఫొటో ఇది, ఒక్క కొస కనిపిస్తే అడగండి. పక్క కుర్చీల్లో ఇద్దరు మనుషులు తమ వంతు కోసం కాచుకుని ఉన్నారు. ఏజెంటు రెండుసార్లు గడియారం చూశాడు. మూడోసారి చూడబోయి, వెనక వైపు ఫొటో దగ్గర ఆగిపోయి, కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.

“ఖరంచ్, నిజంగానే ఇది వెనక వైపా?” అన్నాడు.

“వెనకే సాహెబ్,” అన్నాడు పెంటప్ప.

ఋతుజ పెన్ను తీసుకుని శిక్ష గురించిన ఆ పొడుగాటి వాక్యాన్ని మరొకసారి మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఈసారి ఎక్కడా ఆగాల్సిన అవసరం రాలేదు. కింద సంతకం పెట్టింది.

కాగితాలు కవరులో పెట్టబోతుంటే పెంటప్ప చేయి అడ్డం పెట్టాడు.

“సాహెబ్, ఆ ఒక్క పేజీకి నకలు ఇస్తరా? నాకు.”

“ఇంగ్లీషులో ఉంది కాకా. మీరు చదువుతారా?”

“చదవరాదు. ఆ మాట ఏ గడిల ఉన్నదో చూపెట్టమంటే పిల్ల చూపెడతది.”

ఏజెంటు నకలు తీసి ఇచ్చాడు. ఋతుజ తండ్రి చూపుడు వేలు పట్టుకుని తీసుకెళ్లి ఆ గడి మీద పెట్టింది. పెంటప్ప వేలు అక్కడి నుంచి తీయకుండానే, పక్క కుర్చీలో కూర్చున్న పరిచయం లేని మనిషి వైపు తిరిగి, ఇదిగో చూడండి అని మొదలుపెట్టాడు.